కంట్రోలు కుప్ప

మూఢం వచ్చిందంటే సిద్ధాంతంలో
బ్యాండుమేళం వాళ్ళు ఈగలు తోలుకుంటారు.
మేం వాటిని లెక్కపెట్టడానికి వచ్చాం,
నేనూ ఎస్తేరూ, డిగ్రీ మూడో ఏడు, జువాలజీ,
చేతిలో అట్ట, చెవి మీద పెన్ను,
ముక్కుకి రెండు మడతల చున్నీ.

మూతబడ్డ రైసుమిల్లు వెనక రేకుల షెడ్డు.
నాలుగు పెళ్ళిగుర్రాలు, కింద ఊక పరుపు.
లాకులు మూసి పది రోజులు,
కాలవ అడుగున బురద బీటలిస్తోంది.
మోతీ కంటి కొలుకుల్లో తడి ఉన్న చోటల్లా ఒక గుంపు.
రెప్ప వేస్తే లేస్తాయి, తెరిస్తే వాలతాయి.
మొదటిరోజు దూరం నుంచి చూసి
కాటుక అనుకున్నాను.

నిమిషానికి ముప్ఫైఏడు సార్లు కాలు నేలకేసి కొట్టింది.
రాసుకున్నాం.
తోక యాభైరెండు.
రాసుకున్నాం.
ఒళ్ళు జలదరించడానికి పట్టికలో గడి లేదు,
అంచున గీత గీసి ఇంకో గడి కలిపింది ఎస్తేరు.

దూలాలకు కట్టడానికి తెల్ల అట్టలు కావాలి.
ఈగ వాలినచోట చుక్క పెట్టి పోతుంది, ఆ చుక్కలే మా లెక్క.
మీరావలి తాత గోనెసంచి తిరగేశాడు:
ఈ గుర్రాలెక్కి ఊరేగినవాళ్ళ శుభలేఖలు.
ముందువైపు రాత్రి తొమ్మిదింటి ఇరవైమూడు నిమిషాల లగ్నం,
వెనకవైపు, వారం తిరిగేసరికి,
రెండువందల పదకొండు చుక్కలు.

మందు కొడితే పూటలో పోతాయి కదండీ, అన్నాడు బ్యాండు ఓనరు.
పోతాయండి. మళ్ళీ వస్తాయి, ఆ మందుకి అలవాటుపడి.
హేమసుందరి మేడమ్ చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను.
ఆయన ఊఁ అన్నాడు, నమ్మినట్టు కాదు.

పార్సిల్లో పొట్లం వచ్చింది.
రంపంపొట్టులో గోధుమరంగు గింజలు.
గింజలు కావు, ఈగ కోశాలు. లోపల ఈగలు లేవు.
నువ్వుగింజలో సగముండే కందిరీగ
ఈగ కట్టుకున్న గదిలో పెరుగుతోంది.
మనిషిని కుట్టదు, గుర్రాన్ని పట్టించుకోదు,
లద్దె కుప్పలోకి దిగి ఇంకో కోశం వెతుక్కుంటుంది,
అంతే దాని బతుకు.

రెండు కుప్పలు. తూర్పుది కందిరీగలకి.
పడమరది దేనికీ కాదు, దాన్నే కంట్రోలు అంటారు.
"అంటే?" అన్నాడు తాత.
దానికి ఏమీ చెయ్యకూడదు తాతా, తేడా తెలియాలి కదా.
"పడమరవైపు ఉండేది మోతీ కదమ్మా."
అవును.
"ఆయ్," అన్నాడు. ఇంకేం అనలేదు.

నాలుగోవారం తూర్పున చుక్కలు తొంభై.
పడమర తొంభైనాలుగు.
తప్పామేమోనని మళ్ళీ లెక్కపెట్టాం. తొంభైనాలుగే.
ఎస్తేరు మొహం చిన్నబోయింది, ప్రాజెక్టుకి ఏభై మార్కులు.
పడమర కుప్ప పుల్లతో కెలికి కోశాలు ఏరాను.
ఈగ బయటికొస్తే మూత ఊడి పడుతుంది.
వీటి మూతలు చెక్కుచెదరలేదు.
ఒక్కోదానికి ఒక్క బెజ్జం,
సూదితో పొడిచినట్టు, గుండ్రంగా.

తాత నీళ్ళ బకెట్టు దించి ఊక మీద కూలబడ్డాడు.
"పొట్లంలోంచి దోసెడు అటేశాను.
దాని కన్ను మీరు లెక్కపెట్టారు.
చూశారా?"

మేడమ్ కోప్పడలేదు. కళ్ళజోడు తుడుచుకుంది.
జరిగింది జరిగినట్టు రాయమంది.
"సంరక్షకుని జోక్యం వలన కంట్రోలు కుప్ప కలుషితమైనది."
కలుషితం దగ్గర పెన్ను ఆగింది.
కొట్టేశాను. మళ్ళీ అదే రాశాను,
మా పుస్తకాల్లో దానికి ఇంకో మాట లేదు.

మూఢం వెళ్ళిపోయింది. కాలవకి నీళ్ళొచ్చాయి.
మొన్న రాత్రి పెనుగొండ రోడ్డు మీద మోతీ,
నుదుట కుచ్చులు, వీపున చెమటలు కక్కుతున్న పెళ్ళికొడుకు.
పక్కన తాత, చేతిలో తడిగుడ్డ.
అలవాటుకొద్దీ లెక్క మొదలెట్టాను.
నిమిషానికి తొమ్మిది.
ఈగకి కొట్టిన కాలో,
డప్పుకి వేసిన అడుగో తేలలేదు.

రాసుకోలేదు.